‘సేవాభావం గలవారు కావలెను’

“సేవాభావం గల యువతి కావలెను. హాస్టల్ పని. భోజన వసతి కలదు. జీతం మాట్లాడుకొనబడును.”

ప్రియులారా, మే నెల వచ్చిందంటే ఇటువంటి ప్రకటనలు మన మధ్య తిరుగుతూ ఉంటాయి. జూన్‌లో బడులు తెరుస్తారు గనుక అంతకుముందే టీచర్లు, వార్డెన్లు, వంటవాళ్లు, డ్రైవర్లు కావాలి. ఆదివారం ఆరాధన ముగిశాక సంఘ పెద్ద ఒకరు లేచి ఆ కాగితం చదువుతారు. వాట్సాప్ గ్రూపులో అయితే ఉదయకాల వాగ్దానానికీ ఎవరిదో పుట్టినరోజు కేకు ఫొటోకూ మధ్యన వచ్చి పడుతుంది. సంఘంలో డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న ఆడపిల్ల ఉంటుంది. మిరప కోతకు పోయే ఆమె తల్లి సాయంత్రం వచ్చి, “అయ్యగారూ, పంపించమంటారా?” అని అడుగుతుంది.

పంపించమనడానికి గానీ వద్దనడానికి గానీ ఆ నాలుగు ముక్కల్లో ఏముంది? పిల్లలు ఎంతమంది? రాత్రి కాపలా కూడా ఆమేనా? వంటమనిషి రాని రోజున వంట ఎవరు చేయాలి? పండుగకు ఇంటికి రానిస్తారా? జీతం ఎంత, ఏ తేదీకి? జ్వరం వచ్చి నాలుగు రోజులు పడుకుంటే కోస్తారా? ఒక్కదానికీ జవాబు లేదు. అందులో ఉన్న ఒకే ఒక్క అర్హత సేవాభావం.

ఈ మాట మీద మాకు గౌరవం ఉంది. మన తాతల కాలంలో పల్లె పల్లెకూ నడిచి వెళ్లిన బైబిలు స్త్రీలు, రాత్రి బడులు నడిపిన ఉపదేశులు ఆ భావంతోనే పనిచేశారు. కానీ సేవాభావం మనిషి తన లోపలినుండి తెచ్చి ఇచ్చేది. పిలిచేవాడు దాన్ని షరతుగా రాసి, ఆ మాట చాటున పని గంటలూ జీతమూ చెప్పకుండా దాటవేస్తే అది సేవ పేరుతో చేసే బేరం. ఆరు నెలల తర్వాత ఆ అమ్మాయి నోరు తెరిచి “నాకు నిద్ర లేదండీ” అంటే, “సేవాభావం అని ముందే చెప్పాంగా” అనడానికి ఆ మాట పనికొస్తుంది. ప్రకటన రాసినవారికి ఆ ఉద్దేశం లేకపోవచ్చు. పనిచేసే మనిషి మీద మాత్రం దాని ఫలితం ఒక్కటే.

ఉద్యోగ ప్రకటన రాయడం ఆఫీసుల వాళ్ల విద్య, భక్తికీ దీనికీ ఏమి సంబంధం అని కొందరు అడుగుతారు. వారిని సంఖ్యాకాండము 4వ అధ్యాయము నిదానంగా చదవమని బతిమాలుతున్నాము. పేర్లూ లెక్కలూ ఉన్నాయని మనం సాధారణంగా తిప్పేసే అధ్యాయం అది. ప్రత్యక్షపు గుడారమును ఒకచోటినుండి మరొకచోటికి మోయవలసిన పని వచ్చింది. లేవీయులందరూ భక్తితో తలా ఒక చేయి వేయండి అని దేవుడు వదిలేయలేదు. కహాతీయులకు మందసము, బల్ల, దీపవృక్షము, బలిపీఠములు. గెర్షోనీయులకు తెరలు, కప్పులు, త్రాళ్లు. మెరారీయులకు పలకలు, అడ్డకఱ్ఱలు, స్తంభములు, దిమ్మలు, మేకులు. మెరారీయులు మోసే వస్తువులనైతే పేరు పేరు వరుసన లెక్కపెట్టి అప్పగించమని ఆజ్ఞ. మేకు కూడా లెక్కలోకి వచ్చింది! ఎవరి వయసు ఎంత ఉండాలో ఉంది: 30 మొదలుకొని 50 వరకు. గెర్షోనీయులూ మెరారీయులూ ఈతామారు చేతిక్రింద పనిచేయాలని ఉంది, అంటే ఎవరికి జవాబు చెప్పాలో మొదటి రోజే తెలుసు. మొత్తం 8,580 మంది. ఇంతమందిలో ఒకడు మధ్యాహ్నం ఎండలో నిలబడి “ఇది నా పనేనా?” అని అడిగితే చెప్పడానికి జవాబు ఉంది.

ఇంకొకటి గమనించండి. కహాతీయులు మోసేవి పరిశుద్ధమైనవి, ముట్టుకుంటే ప్రాణాపాయం. ఆ సంగతి దాచలేదు. ముందుగా అహరోనూ అతని కుమారులూ వెళ్లి వాటిని కప్పాలి, ఆ తర్వాతనే వీరు మోయడానికి రావాలి. పనిలో అపాయం ఉంటే ఆ అపాయాన్ని చెప్పి, దాన్ని తప్పించే బాధ్యత పైవారి మీద పెట్టారు. 7వ అధ్యాయంలోకి వస్తే బండ్ల పంపకం కనబడుతుంది. గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎద్దులు. పలకలూ దిమ్మలూ మోసే మెరారీయులకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు. కహాతీయులకు ఒక్క బండీ లేదు, ఎందుకంటే వారు భుజాల మీదనే మోయాలి. అందరికీ సమానంగా పంచి చేతులు దులుపుకోలేదు, బరువును చూసి ఇచ్చారు. 8వ అధ్యాయంలో యాభై ఏళ్లు దాటినవారి సంగతి కూడా ఉంది. బరువు పని మానుకోవాలి, తమ సహోదరులకు తోడుగా మాత్రం ఉండవచ్చు. పని, వయసు, పైఅధికారి, అపాయం, పనిముట్లు, విరమణ. ఎడారిలో గుడారాల్లో ఉన్నవారికి ఇంత వివరంగా చెప్పగలిగితే, స్లాబు భవనంలో ఫ్యాను కింద కూర్చుని మనం ఒక పేజీ రాయలేమా?

దీనికి సరిగ్గా ఎదురుగా నిర్గమకాండము 5వ అధ్యాయము నిలబడుతుంది. ఇటుకల లెక్క అంతే ఉంచి గడ్డి ఇవ్వడం మాన్పించాడు ఫరో. పని పేరు మారలేదు, అదే ఇటుకల పని. మారింది పనిలోని బరువు. ఈ రోజుల్లో ఈ పని చేసేది రెండు మాటలు: “ఇతర పనులు”. ప్రకటనలో చివర చిన్నగా రాస్తారు, “మరియు యాజమాన్యం చెప్పిన ఇతర పనులు” అని. లెక్కల టీచరుగా చేరినవాడు వేసవిలో ఊరూరా తిరిగి అడ్మిషన్లు తేవాలి. తేకపోతే మే నెల జీతం లేదు. చాలా ప్రైవేటు బడుల్లో ఇదే వరస అని టీచర్లందరికీ తెలుసు. అడ్మిషన్ల కోసం తిరగడం తప్పేమీ కాదు, అది కూడా ఒక పనే. అయితే ఆ పని ఉందని ముందే రాయండి, దానికి పెట్రోలు ఎవరిస్తారో రాయండి. మాకు ఎరుకైన ఒక యువకుడు మండల కేంద్రంలోని ఒక బడిలో చేరిన రోజునే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకొని బీరువాలో పెట్టుకున్నారు. తర్వాత డీఎస్సీ సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపు వస్తే, వాటికోసం అతడు మూడుసార్లు ఆ గుమ్మం ఎక్కి దిగాడు. చేరేముందు చూపించిన కాగితంలో ఆ షరతు ఉంటే అతడు చేరేవాడే కాదు. అందుకే రాయలేదు కాబోలు.

“ఇతర పనులు” అనే మాట మనిషి ప్రాణం తీసిన సందర్భాలు కూడా ఈ దేశంలో ఉన్నాయి. వాచ్‌మన్‌గా, స్వీపర్‌గా తీసుకున్న మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించుతారు. రక్షణ సాధనాలు లేకుండా మురుగు కాలువలోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ మనిషిని దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఆ పని ఏ కులం వాళ్లకు చెబుతారో మనకు తెలుసు, వాళ్లలో అనేకులు మన బల్లల మీద కూర్చునేవారే. స్వీపరు పని అని రాసేటప్పుడు ఏవి ఊడవాలో, ఏవి కడగాలో, దేనిలోకి దిగకూడదో స్పష్టంగా రాయడం ఒక కుటుంబానికి తండ్రిని మిగల్చడమే.

ఇక జీతం. ఇక్కడ మనవారు చాలామంది గొంతు తగ్గిస్తారు. జీతం ముందే రాస్తే డబ్బు కోసం వచ్చేవాళ్లే వస్తారని ఒక వాదన. మత్తయి 20లోని ద్రాక్షతోట ఉపమానాన్ని కూడా దీనికి సాక్ష్యంగా తెస్తారు: చివరి గంటకు వచ్చినవారికి జీతం చెప్పలేదు కదా, అయినా నమ్మి వెళ్లారు కదా అని. ఆ ఉపమానం మొదటినుండి చదవాలి. ప్రొద్దున్నే వచ్చినవారితో యజమానుడు దినమునకు ఒక దేనారము అని ఒప్పందం చేసుకున్నాడు. సాయంకాలం వారు సణిగినప్పుడు ఆయన చూపించినది ఆ ఒప్పందాన్నే. మాట ముందే తేటగా ఉండబట్టి ఆయన నీతిమంతుడుగా నిలబడగలిగాడు. తర్వాత వచ్చినవారికి న్యాయమైనది ఇస్తానన్నాడు, చెప్పిన న్యాయం కంటే ఎక్కువే ఇచ్చాడు. జీతం చెప్పకుండా పిలిచి తక్కువ ఇచ్చేవారికి ఆ తోటలో చోటు లేదు. ఉపమానం అసలు చెప్పేది దేవుని కృప గురించి, కూలి రేట్ల గురించి కాదని మాకూ తెలుసు. దాన్ని కూలి తగ్గించడానికి వాడేవారికి మాత్రం ఈ జవాబు చెప్పక తప్పదు.

జీతం మాట్లాడుకోవడం గురించి తెలియాలంటే లాబాను ఇంటికి వెళ్లండి. మేనల్లుడివి గదా, ఊరకే చేస్తావా, నీకేమి కావాలో చెప్పు అని ఎంత తియ్యగా అడిగాడు! యాకోబు రాహేలు కోసం ఏడేండ్లు అని తేల్చి చెప్పాడు. తీరా పెళ్లి మరునాడు ఉదయం చూస్తే లేయా. మరో ఏడేండ్లు. మందల కోసం ఇంకో ఆరు. ఇరవై ఏండ్లలో తన జీతం పదిసార్లు మార్చాడని యాకోబు చెప్పుకున్నాడు. ఇంటి మనిషి అనే మాట ఎక్కువగా వినబడే చోట జీతం ఎక్కువసార్లు మారుతుంది. “మా స్టాఫ్ మా కుటుంబంలాంటివారు” అని ప్రకటనలో చూసినప్పుడల్లా మాకు లాబాను గుర్తుకొస్తాడు. కుటుంబమే అయితే ఇంకా మంచిది, ఆ కుటుంబ సభ్యుడికి నెల నెలా 5వ తారీఖున ఎంత ఇస్తారో రాయండి. కూలివాడి జీతం పొద్దు గూకేలోగా ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24 చెబుతుంటే, మనం తారీఖు రాయడానికే వెనుకాడితే ఎలా?

జీతం రాయకపోతే నష్టపోయేది ఎవరో కూడా చూడాలి. బేరం చేయగలవాడు, పట్నంలో ఇంకో ఆఫర్ ఉన్నవాడు ఎలాగో ఎక్కువ రాబట్టుకుంటాడు. మొదటిసారి ఇంటి గడప దాటిన పిల్ల, భర్త చనిపోయి పని వెతుక్కునే స్త్రీ, “మీరు ఎంత ఇస్తే అంతేనండీ” అంటారు. ఒకే పని చేసే ఇద్దరికి రెండు జీతాలు అలాగే పుడతాయి. ఆడవారికీ మగవారికీ ఒకే పనికి ఒకే వేతనం అని 1976లోనే చట్టం వచ్చింది. నియామకంలోనే తేడా చూపకూడదని కూడా అందులో ఉంది. ఇప్పుడు ఆ సూత్రం 2019 వేతనాల స్మృతిలోకి చేరింది. “పెళ్లికాని అమ్మాయిలు మాత్రమే” అని రాసేవారు ఆ ఒక్క మాటతో ఏమి చెబుతున్నారో అందరికీ అర్థమవుతుంది: కాన్పు సెలవు ఇవ్వం అని. పదిమంది పనిచేసే చోట 26 వారాల ప్రసూతి సెలవు చట్టం ఇచ్చిన హక్కు. ఆడపిల్లల హాస్టల్‌కు స్త్రీ వార్డెన్ కావాలనడం న్యాయం, కారణం పనిలోనే ఉంది. ఆమె పెళ్లి కాకుండా ఉండాలనడానికి కారణం పనిలో లేదు.

అర్హతల దగ్గర మేము వాడే కొలబద్ద ఇదే. అడిగే ప్రతి అర్హతకు కారణం ఆ పనిలో కనబడాలి. అపొస్తలుల కార్యములు 6లో విధవరాండ్రకు భోజనం పంచే పనికి ఏడుగురు కావలసి వచ్చింది. ఎంతమంది, ఏ పనికి, ఎలాంటివారు అన్నది అపొస్తలులు సంఘమంతటి ముందూ చెప్పారు. మంచి పేరు, జ్ఞానము, ఆత్మపూర్ణత. పంపకం మీదనే తగాదా వచ్చింది గనుక మంచి పేరు అవసరం. తొలి తిమోతి పత్రికలో అధ్యక్షుడికి రాసిన లక్షణాల్లో బోధించడానికి తగినవాడై ఉండాలని ఉంది, ఎందుకంటే అతడి పని బోధ. మనవాళ్లు చీటీలు టైపు చేసే పనికి ఎం.సి.ఏ. అడుగుతారు. బండి తోలేవాడికి ఇంటర్ అడుగుతారు, హెవీ లైసెన్సు ఎన్నాళ్లనుండి ఉందో అడగరు! ఒకటో తరగతినుండి ఎనిమిదో తరగతి వరకు చెప్పే టీచరుకు టెట్ కావాలన్నది నిబంధన. అది మాత్రం ప్రకటనలో కనిపించదు, “ఇంగ్లీషులో అనర్గళంగా” అన్నది పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

మరి విశ్వాసం మాటేమిటి? కాపరికి, ఉపదేశికి, సండేస్కూలు నడిపేవారికి విశ్వాసం పనిలోనే భాగం, అడగాలి. వంటమనిషికి, నర్సుకు, లెక్కల టీచరుకు బాప్తిస్మపు సర్టిఫికెట్ ఎందుకు? ఇలా అంటే మాతో విభేదించే సేవకులు ఉన్నారు, వారిని గౌరవిస్తాము. కానీ మన తెలుగు సంఘ చరిత్రలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. 1876-78 నాటి కరువులో ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు పనిని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చాడు. బోధకులనే పనిమీద మేస్త్రీలుగా పెట్టాడు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని అడిగినవారికి ఇవ్వకుండా ఆపాడు. కూడు కోసం వచ్చారో క్రీస్తు కోసం వచ్చారో తేలాలని. కరువు సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూలిని కూలిగా, విశ్వాసాన్ని విశ్వాసంగా వేరుగా ఉంచినందుకు ఆ సంఘం ఏమీ తగ్గిపోలేదు. పనికి విశ్వాసాన్ని షరతుగా పెడితే మనకు దొరికేది జూన్ నెల విశ్వాసులు.

“మన వాళ్లకు ప్రాధాన్యం” అనే మాట కూడా కొన్ని ప్రకటనల్లో చూస్తుంటాము. ఆ “మన” అంటే క్రీస్తునందు మనమా, కులంలో మనమా? చదివేవారికి తెలుసు, రాసినవారికి ఇంకా బాగా తెలుసు. ఇంతకంటే చెప్పము.

చట్టం వైపు ఒక మాట చెప్పి ముందుకు పోదాము. 2025 నవంబరు 21నుండి నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. నియామక పత్రం ఇవ్వాలన్నది వాటిలో ఒక ముఖ్యమైన సంగతి. పదిమంది పనిచేసే చోట ఈఎస్ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్ వర్తిస్తాయన్నది పాత సంగతే. మీ సంస్థకు ఏది వర్తిస్తుందో ఆడిటరును అడిగి, ఉన్నది ఉన్నట్టు ప్రకటనలో రాయండి.

పై ప్రకటననే మళ్లీ రాస్తే ఎలా ఉంటుందో చూద్దాం. అంకెలు మేము ఉదాహరణకు వేసినవి.

“బాలికల హాస్టల్‌కు వార్డెన్ కావలెను (స్త్రీ). 6నుండి 10వ తరగతి వరకు 45 మంది పిల్లలు. పని: ఉదయం 5:30నుండి 9, సాయంత్రం 4నుండి 9:30. చదువు చూడడం, హాజరు వేయడం, జబ్బు చేసిన పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లడం, తల్లిదండ్రులతో మాట్లాడడం. వారంలో నాలుగు రాత్రులు హాస్టల్‌లోనే పడుకోవాలి. మిగిలిన మూడు రాత్రులు మరొక సహాయకురాలు ఉంటారు. వంట, గదులు ఊడ్చడం ఈ పనిలో లేవు. డిగ్రీ లేదా ఇంటర్‌తో రెండేళ్ల అనుభవం. పిల్లలతో ఉండే పని గనుక పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది. జీతం నెలకు 14,000 రూపాయలు, ప్రతి నెలా 5న బ్యాంకులో. భోజనం, విడి గది ఉచితం. వారానికి ఒక రోజు, ఏడాదికి 15 రోజులు జీతంతో సెలవు. మొదటి మూడు నెలలు పరిశీలన కాలం, జీతం అంతే. మానాలన్నా మాన్పించాలన్నా ఇరువైపులా నెల ముందు చెప్పాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగి ఇస్తాము. పైఅధికారి హెడ్‌మిస్ట్రెస్. ఏ మతం వారైనా, ఏ కులం వారైనా, పెళ్లైనా కాకపోయినా దరఖాస్తు చేయవచ్చు.”

రాస్తున్నప్పుడే రాసేవారికి ఒక సంగతి తెలిసి వస్తుంది. రాత్రుల లెక్క వేసేటప్పుడు, రెండో మనిషి లేకుండా ఈ పని నడవదని కాగితమే చెబుతుంది. ప్రకటన నాలుగు ముక్కల్లో ఉన్నంతకాలం ఆ రెండో మనిషి జీతం మొదటి మనిషి నిద్రలోనుండి వస్తూ ఉంటుంది.

చిన్న సంఘాలు అంత ఇచ్చుకోలేవు కదా అంటారు. నిజం. పల్లెటూరి సంఘానికి వచ్చే కానుక ఎంతో మాకు తెలియనిది కాదు. ఇచ్చుకోగలిగింది నాలుగు వేలే అయితే నాలుగు వేలు అని రాయండి, దానికి తగ్గట్టు రోజుకు రెండు గంటల పని అని రాయండి. మిగతా సమయం ఆ మనిషిది, కూలికి వెళతాడో కుట్టు మిషను తొక్కుతుందో వారి ఇష్టం. డబ్బు లేకపోవడం అన్యాయం కాదు. నాలుగు వేలిచ్చి ఇరవై నాలుగు గంటలు పిలుపు మీద ఉంచుకోవడం గురించే యిర్మీయా 22వ అధ్యాయములో రాజు ఇంటిమీద ఆ కోపమంతా. అసలు జీతమే ఇవ్వలేకపోతే వాలంటీరు అని పెట్టండి, ఎన్నాళ్లో చెప్పండి, బస్సు ఛార్జీ ఇవ్వండి. అలా పిలిచినప్పుడు సేవాభావంతో వచ్చేవారు మన సంఘాల్లో ఇప్పటికీ ఉన్నారు.

ఆ కాగితం రెండు ప్రతులు తీయించండి. వంటమనిషికో వాచ్‌మన్‌కో చదువు రాకపోతే కూర్చోబెట్టి, వారికి నమ్మకమైన ఒకరిని పక్కన ఉంచి, తెలుగులో చదివి వినిపించి అప్పుడు సంతకమో వేలిముద్రో తీసుకోండి. పని పెరిగితే కాగితం మార్చండి, జీతం కూడా దానితో మారాలి.

కాపరులకు ఒక మనవి. వచ్చే మే నెలలో ఎవరైనా ఇటువంటి ప్రకటన తెచ్చి సంఘంలో చదవమంటే, ముందు వారికి ఫోన్ చేసి జీతం ఎంత, పని గంటలు ఎన్ని, రాత్రులు ఎన్ని అని అడగండి. చెప్పిన అంకెలు కాగితం మీద పెన్నుతో రాసి, వాటితో కలిపి చదవండి. చెప్పము, వచ్చాక మాట్లాడుకుంటాము అంటే, ఆ కాగితం మడిచి పాటల పుస్తకంలో పెట్టి, తర్వాతి ప్రకటన చదవండి.